చిట్టాలో పడిందా, లేదా? డేటాబేస్ కమిట్‌కూ డిస్క్ క్యాష్‌కూ మధ్య జరిగేది

పాతకాలపు కిరాణా కొట్లలో రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా. బేరం జరిగిన వెంటనే, జరిగిన వరసలోనే అందులో రాసుకుంటూ పోయేవారు. రెండోది ఆవర్జా. కొట్టు కట్టేముందు చిట్టాలోని పద్దులను ఒక్కొక్కటిగా తీసి ఎవరి ఖాతాలోకి వారివి ఎక్కించేవారు. ఆవర్జా సగం ఎక్కించాక పని ఆగిపోయినా కంగారు లేదు, చిట్టా చూసి మళ్లీ కట్టుకోవచ్చు. చిట్టాలో పడని పద్దు మాత్రం జరగనట్టే లెక్క.

డేటాబేస్‌లు చేసేదీ అచ్చంగా ఇదే. ఒక ట్రాన్సాక్షన్ (జరిగితే మొత్తం జరగాల్సిన, లేదంటే అసలు జరగకూడని పని) ఏ పేజీలో, అంటే డేటా ఫైలులోని ఏ ముక్కలో, ఏం మార్చిందో ముందు ట్రాన్సాక్షన్ లాగ్‌లో వరసగా రాస్తాయి. టేబుళ్లు ఉండే అసలు ఫైళ్లను తర్వాత తీరిగ్గా సర్దుతాయి. దీన్ని రైట్ అహెడ్ లాగింగ్ అంటారు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాడేవాళ్ల నోట్లో పొట్టిగా ‘వాల్’. ఐబీఎంలో సి. మోహన్, ఆయన సహచరులు 1992లో ప్రచురించిన ‘ఏరీస్’ పద్ధతి ఈ ఆలోచనకు ఒక పక్కా రూపం ఇచ్చింది. పోస్ట్‌గ్రెస్‌కు ఈ లాగ్ 2001లో, 7.1 వెర్షన్‌తో వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌లో, ఒరాకిల్‌లో దీన్ని రీడో లాగ్ అంటారు, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రాన్సాక్షన్ లాగ్ అనే అంటారు.

పేరులో ‘లాగ్’ ఉండడం వల్ల ఒక అనర్థం కూడా జరిగింది. పోస్ట్‌గ్రెస్‌లో ఈ ఫైళ్లుండే ఫోల్డర్ పేరు చాలా ఏళ్లపాటు ‘పీజీ ఎక్స్‌లాగ్’. డిస్క్ నిండిపోయిందన్న టెన్షన్‌లో, ఇవేవో పాత లాగ్ ఫైళ్లే కదా అని ఆ ఫోల్డర్‌ను ఖాళీ చేసి, డేటాబేస్ మొత్తాన్ని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అందుకే 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో ఆ పేరును ‘పీజీ వాల్’ అని మార్చారు. ఆ ఫోల్డర్‌లో ఉన్నది ఎవరో తీరిక వేళ చదువుకునే రోజువారీ నోట్సు కాదు, డేటాబేస్ ప్రాణం.

ఈ పద్ధతి నిలబడాలంటే రెండు షరతులు తప్పకూడదు. మారిన పేజీ డిస్క్ మీదికి వెళ్లే ముందే, ఆ మార్పు తాలూకు లాగ్ రికార్డు డిస్క్ మీద ఉండాలి. కమిట్ అయిందని, అంటే మార్పు ఖాయమైందని, ప్రోగ్రాంకు చెప్పే ముందే, ఆ కమిట్ రికార్డు డిస్క్ మీద ఉండాలి. రెండింటిలోనూ ఉన్న ఆ ‘డిస్క్ మీద ఉండాలి’ అన్న మాట దగ్గరే చిక్కంతా. డిస్క్ మీద పడిందో లేదో డేటాబేస్ తన కళ్లతో చూడలేదు. ఎవరో చెప్పగా నమ్మాలి. ఆ చెప్పేవాళ్లు ఒకరు కాదు, నలుగురైదుగురు.

ఒక కమిట్ వెంట నడిస్తే

ఒక పొదుపు సంఘం ఖాతాలో 5,000 రూపాయలు జమ అయ్యాయనుకుందాం. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, యంత్రం లినక్స్. ఖాతా నిల్వ మారిన సంగతి ఒక చిన్న రికార్డుగా తయారై, ముందు పోస్ట్‌గ్రెస్ సొంత మెమరీలోని బఫర్‌లో పడుతుంది. దాని వెనకే కమిట్ రికార్డు. రెండూ కలిపి కొన్ని వందల బైట్లకు మించవు.

ఆ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) కెర్నల్‌ను, అంటే లినక్స్ గుండెకాయను, ఏమేం అడుగుతోందో ‘ఎస్‌ట్రేస్’ అనే పనిముట్టుతో చూస్తే, కమిట్ క్షణంలో ముఖ్యంగా రెండు వరసలు కనబడతాయి. మొదటిది ఆ రికార్డులున్న 8,192 బైట్ల పేజీ మొత్తాన్ని రాయమని కెర్నల్‌ను అడగడం. 8,192 రాశానని జవాబు కొన్ని మైక్రోసెకన్లలోనే వస్తుంది. ఆ జవాబు వచ్చేసరికి డిస్క్‌కు అసలు కబురే వెళ్లి ఉండదు. కెర్నల్ ఆ బైట్లను తన దగ్గరున్న ర్యామ్‌లోకి, అంటే పేజ్ క్యాష్‌లోకి కాపీ చేసుకుంది, అంతే. రెండో వరస ఎఫ్‌డేటాసింక్. ఈ ఫైలుకు సంబంధించి నీ దగ్గరున్నదంతా డిస్క్‌కు చేర్చు, చేరాకే తిరిగి రా అని చెప్పడం. పాతకాలపు తిరిగే డిస్క్ అయితే ఇక్కడ ప్రాసెస్ కొన్ని మిల్లీసెకన్లు ఆగిపోతుంది. మొదటి వరసతో పోలిస్తే ఇది వందల నుంచి వేల రెట్లు. కమిట్‌కు పట్టే సమయమంతా దాదాపుగా ఈ ఒక్క పిలుపులోనే ఉంటుంది.

ఆ ఆగిన కాసేపట్లో జరిగేది ఇది. కెర్నల్ ఆ పేజీని డిస్క్‌కు పంపుతుంది. డిస్క్ లోపల దానిదంటూ ఒక ర్యామ్ ఉంటుంది. హార్డ్ డిస్క్‌లలో 64 నుంచి 256 ఎంబీ దాకా ఉండడం మామూలే. డిస్క్ ఆ బైట్లను ముందు అందులో వేసుకుని, అందిందని చెప్పేస్తుంది. ఇక్కడితో కెర్నల్ ఆగిపోతే 5,000 రూపాయల జమ ఇంకా కరెంటు మీద ఆధారపడిన మెమరీలోనే ఉన్నట్టు. అందుకే కెర్నల్ మరో ఆదేశం పంపుతుంది. సాటా డిస్కులకు దాని పేరు ఫ్లష్ క్యాష్, స్కజీలో సింక్రనైజ్ క్యాష్, ఎన్‌వీఎంఈలో ఫ్లష్. నీ ర్యామ్‌లో ఉన్నదంతా తిరిగే పళ్లెం మీదికో, ఫ్లాష్ చిప్‌లలోకో దించి అప్పుడు చెప్పు అని దానర్థం. దానికి జవాబు వచ్చాకే ఎఫ్‌డేటాసింక్ సున్నా తిరిగి ఇస్తుంది. అప్పుడు మాత్రమే పోస్ట్‌గ్రెస్ ప్రోగ్రాంకు కమిట్ అయిందని చెబుతుంది.

ఇలాంటిదే అయిన ఎఫ్‌సింక్ అనే మరో పిలుపు బదులు ఎఫ్‌డేటాసింక్ ఎందుకంటే, ఎఫ్‌సింక్ ఫైలు చివరిసారి మారిన సమయం లాంటి వివరాలను కూడా డిస్క్‌కు రాయిస్తుంది. అంటే ఇంకోచోట ఇంకో రాత. పోస్ట్‌గ్రెస్ లాగ్ ఫైళ్లు ఒక్కోటి 16 ఎంబీ సైజులో ముందే సున్నాలతో నింపి ఉంటాయి, వాడినవాటికే పేరు మార్చి మళ్లీ వాడుకుంటుంది. ఫైలు సైజు మారదు కాబట్టి ఆ అదనపు రాత అక్కర్లేదు.

మూడు రకాల చావులు

క్రాష్ అన్న ఒక్క మాటతో మూడు వేర్వేరు సంగతులను కలిపేయడం వల్ల చాలా అపోహలు పుడతాయి. డేటాబేస్ ప్రాసెస్ ఒక్కటే చచ్చిపోతే కెర్నల్ బతికే ఉంటుంది. పేజ్ క్యాష్‌లో ఉన్నది ఎప్పుడో ఒకప్పుడు డిస్క్‌కు చేరుతుంది. కెర్నలే కుప్పకూలితే పేజ్ క్యాష్ పోతుంది కానీ డిస్క్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి దాని లోపలి ర్యామ్‌లో ఉన్నది సాధారణంగా బతుకుతుంది. కరెంటు పోతే మాత్రం అన్నీ ఒకేసారి పోతాయి.

మైఎస్‌క్యూఎల్‌లో ‘ఇన్నోడీబీ ఫ్లష్ లాగ్ ఎట్ టీఆర్‌ఎక్స్ కమిట్’ అనే సెట్టింగ్‌కు మూడు విలువలు ఉండేది ఇందుకే. 1 అంటే ప్రతి కమిట్‌కూ ఫ్లష్. 2 అంటే ప్రతి కమిట్‌కూ కెర్నల్ దాకా రాత, ఫ్లష్ మాత్రం సుమారు సెకనుకోసారి. 0 అంటే రాతా ఫ్లషూ రెండూ సెకనుకోసారే. 2 పెట్టుకున్నవాళ్లు సర్వీసును బలవంతంగా చంపి, మళ్లీ లేపి, డేటా అంతా ఉంది చూడండి అని చూపిస్తుంటారు. అది మొదటి రకం చావుకు పరీక్ష మాత్రమే. మూడో రకం దగ్గర ఆ సెకను డేటా ఉండదు.

రీసెట్ బటన్ నొక్కి చేసే పరీక్షా అలాంటిదే. యంత్రం మళ్లీ మొదలవుతుంది కానీ డిస్క్‌కు కరెంటు తెగదు. యూపీఎస్ ఉంది కదా అన్న ధీమా కూడా సగమే నిజం. బయట కరెంటు పోవడాన్ని యూపీఎస్ ఆపుతుంది. యంత్రం లోపలి పవర్ సప్లై కాలిపోవడాన్ని, కెర్నల్ కుప్పకూలడాన్ని, శుభ్రం చేస్తూ ఎవరో కేబుల్ లాగేయడాన్ని ఆపలేదు. బ్యాటరీ పాతబడిన యూపీఎస్ అయితే అసలు కరెంటు పోయిన రోజునే చేతులెత్తేస్తుంది.

8.33 మిల్లీసెకన్ల లెక్క

డిస్క్ నిజం చెబుతోందా అన్నది తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, ఒక భాగహారం చాలు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు. లాగ్ అంటే ఒకే చోట వరసగా రాసేది. ఒక కమిట్ రాసి, ఫ్లష్ అయిందని తెలిసి, తర్వాతి కమిట్ తయారయ్యేసరికి పళ్లెం మీద ఆ చోటు హెడ్ కింద నుంచి దాటిపోయి ఉంటుంది. మళ్లీ చుట్టు తిరిగి రావాలి. కాబట్టి ఒకే కనెక్షన్ ఒకదాని తర్వాత ఒకటిగా కమిట్‌లు చేస్తుంటే, నిజాయితీగల డిస్క్ సెకనుకు 120 దాటి ఇవ్వలేదు. 15,000 చుట్ల డిస్క్ అయితే 250.

అలాంటి డిస్క్ మీద పరీక్ష పెడితే సెకనుకు 2,000 కమిట్‌లు వచ్చాయంటే సంబరపడాల్సింది లేదు. దారిలో ఎవరో ఒకరు చేరకముందే చేరిందని చెబుతున్నారు. పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే ‘పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్’ అనే చిన్న ప్రోగ్రాం సరిగ్గా ఈ సంఖ్యనే కొలిచి చూపిస్తుంది. కొత్త సర్వర్ చేతికి వచ్చిన రోజున మొట్టమొదట నడపాల్సింది దాన్నే. చాలామంది వేగం ఎంత బాగుందో చూడడానికి వాడతారు. నిజానికి అది మరీ బాగుందా అని చూడడానికి వాడాలి.

మరి బ్యాంకులూ టికెట్ సైట్లూ పాత డిస్కుల మీద కూడా సెకనుకు వేల ట్రాన్సాక్షన్లు ఎలా నడిపాయి? 120 అన్నది ఫ్లష్‌ల సంఖ్య, ట్రాన్సాక్షన్ల సంఖ్య కాదు. ఒక ఫ్లష్ నడుస్తుండగా వచ్చిన కమిట్‌లన్నీ క్యూలో ఆగి, తర్వాతి ఫ్లష్‌లో అందరూ కలిసి వెళ్తారు. షేర్ ఆటో నిండాక కదిలినట్టు. దీన్ని గ్రూప్ కమిట్ అంటారు. ఒక్కొక్కరూ ఆగాల్సిన సమయం తగ్గదు, ఒక ట్రిప్పులో వెళ్లేవాళ్లు పెరుగుతారు. నిజాయితీ పోగొట్టుకోకుండా వేగం పెంచే దారి ఇది, అందుకే అన్ని పెద్ద డేటాబేస్‌లలోనూ ఉంది.

పోవడం వేరు, చెడిపోవడం వేరు

డిస్క్ అబద్ధమాడితే ఏం నష్టం, చివరి ఒకటి రెండు సెకన్ల డేటా పోతుంది, అంతే కదా అని ఒక వాదన తరచూ వినిపిస్తుంది. ఈ వాదన తప్పు. ఆ తప్పు ఎక్కడుందో అర్థమైతే ఈ విషయమంతా అర్థమైనట్టే.

పోస్ట్‌గ్రెస్‌లో ‘సింక్రనస్ కమిట్’ అనే సెట్టింగ్‌ను ఆఫ్ చేయవచ్చు. అప్పుడు కమిట్ రికార్డు డిస్క్‌కు చేరకముందే ప్రోగ్రాంకు జవాబు వెళ్తుంది. వెనక నుంచి ఒక ప్రాసెస్ మామూలుగా 200 మిల్లీసెకన్లకోసారి లాగ్‌ను ఫ్లష్ చేస్తూ ఉంటుంది. కరెంటు పోతే గరిష్ఠంగా దానికి మూడు రెట్లు, అంటే 600 మిల్లీసెకన్ల కమిట్‌లు పోవచ్చు. కానీ పోయేవి చివరివి మాత్రమే, అదీ వరస చెడకుండా. మిగిలిన డేటాబేస్ పొందికగా ఉంటుంది. చిట్టాలో చివరి నాలుగు వరసలు రాయకముందే కొట్టు మూసేసినట్టు. ఆవర్జా చిట్టాతో సరిపోతుంది.

‘ఎఫ్‌సింక్’ అనే మరో సెట్టింగ్ ఉంది. దాన్ని ఆఫ్ చేస్తే జరిగేది పూర్తిగా వేరు. అప్పుడు ఏది ముందు డిస్క్‌కు చేరాలన్న పట్టింపే ఉండదు. కెర్నల్, డిస్క్ తమకు వీలైన వరసలో రాస్తాయి. లాగ్ రికార్డు ఇంకా ర్యామ్‌లో ఉండగానే, అది చెప్పే మార్పుతో పేజీ డిస్క్ మీదికి వెళ్లిపోవచ్చు. ఆ క్షణంలో కరెంటు పోతే ఆవర్జాలో ఒక పద్దు ఉంటుంది, చిట్టాలో దాని ఊసే ఉండదు. ఇండెక్స్ (వెతకడానికి వాడే సూచిక) ఒక వరస ఉందంటుంది, టేబుల్‌లో అక్కడ ఏమీ ఉండదు. పోస్ట్‌గ్రెస్ ప్రతి పేజీ మొదట్లోనే 8 బైట్లలో, ఈ పేజీని చివరగా మార్చిన లాగ్ రికార్డు ఎక్కడుందో రాసుకుంటుంది. ఆ స్థానం లాగ్ చివర కంటే ముందుకు పోయి ఉంటే, లాగ్‌ను ఫలానా చోటిదాకా ఫ్లష్ చేయమన్నారు కానీ లాగే అంతదాకా లేదు అనే అర్థంలో ఒక ఎర్రర్ వస్తుంది. దాన్ని చూసిన డీబీఏకు, అంటే డేటాబేస్ బాగోగులు చూసే మనిషికి, గుండె జారుతుంది. ఎందుకంటే వెనక్కి వెళ్లే దారి లేదు, బ్యాకప్ వెతుక్కోవాల్సిందే.

ఫ్లష్ ఆదేశాన్ని అందుకుని ఏమీ చేయకుండానే చేశానని చెప్పే డిస్క్ ఈ రెండో కోవలోకి వస్తుంది, మొదటి కోవలోకి కాదు. దాని లోపలి ర్యామ్‌లో లాగ్ బ్లాకులూ డేటా పేజీలూ కలిసే ఉంటాయి. హెడ్ కదలిక తగ్గించుకోవడానికి తనకు నచ్చిన వరసలో దించుకుంటుంది. కాబట్టి అబద్ధమాడే డిస్క్ ఉన్న సర్వర్‌లో, సెట్టింగ్‌లలో ఎన్ని ‘ఆన్’‌లు పెట్టినా అది ఎఫ్‌సింక్ ఆఫ్ చేసిన సర్వరే.

చెక్‌పాయింట్ సమయంలో ఇది ఇంకా ప్రమాదం. మారిన పేజీలన్నిటినీ డేటా ఫైళ్లలోకి రాసి, ఫ్లష్ చేసి, ఇక్కడికి ముందున్న లాగ్ ఇక అక్కర్లేదని పోస్ట్‌గ్రెస్ నిర్ణయించుకునేది అప్పుడే. ఆ లాగ్ ఫైళ్లను తిరగరాతకు వాడేస్తుంది. ఫ్లష్ జవాబు అబద్ధమైతే ఆవర్జాలో ఎక్కలేదు, చిట్టా పేజీ చింపేశారు.

సగం రాసిన పేజీల గొడవ కూడా ఒకటుంది. పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కేబీ, మైఎస్‌క్యూఎల్ అడుగున ఉండే ఇన్నోడీబీ పేజీ 16 కేబీ. డిస్క్ ఒకేసారి తెగకుండా రాస్తానని హామీ ఇచ్చేది సాధారణంగా 512 బైట్లకో 4 కేబీకో మాత్రమే. నడుమ కరెంటు పోతే పేజీ సగం కొత్తది, సగం పాతది. దీనికి విరుగుడుగా పోస్ట్‌గ్రెస్ ప్రతి చెక్‌పాయింట్ తర్వాత ఒక పేజీ మొదటిసారి మారినప్పుడు ఆ పేజీ మొత్తాన్ని లాగ్‌లో పెడుతుంది. ఇన్నోడీబీ పేజీని ముందు డబుల్‌రైట్ బఫర్ అనే చోట రాసి, తర్వాత అసలు చోట రాస్తుంది. లాగ్ చివర సగంలో తెగితే మాత్రం ప్రతి రికార్డుకూ ఉండే చెక్‌సమ్ (రాసింది చెడిందో లేదో తేల్చే సరిచూపు సంఖ్య) పట్టిస్తుంది. రికవరీ అక్కడితో ఆగి, లాగ్ ఇక్కడికి అయిపోయిందని అనుకుంటుంది. లాగ్ మధ్యలో ఎక్కడో ఒక బ్లాకు పాడైనా అలాగే అనుకుంటుంది, దాని వెనకున్న మంచి రికార్డులు కూడా లెక్కలోకి రావు.

అబద్ధం ఏ అంతస్తులో ఉంది

అబద్ధం డిస్క్‌లోనే ఉండాలని లేదు. మ్యాక్ యంత్రాల్లో మామూలు ఎఫ్‌సింక్ డేటాను డిస్క్ దాకా చేరుస్తుంది కానీ డిస్క్ లోపలి ర్యామ్‌ను ఖాళీ చేయించదు. అందుకు ‘ఎఫ్ ఫుల్‌ఎఫ్‌సింక్’ అని వేరే పిలుపు ఉంది. ఈ సంగతి దాచిందేమీ కాదు, ఆపిల్ మాన్యువల్‌లోనే ఉంది. అయినా మ్యాక్ ల్యాప్‌టాప్ మీద డేటాబేస్ వేగం కొలిచి, సర్వర్‌లో అంత రావడం లేదేమని తల పట్టుకునేవాళ్లకు ఇది తెలిసి ఉండదు.

అసలు యంత్రం లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే వర్చువల్ యంత్రాల్లో ఇంకో అంతస్తు చేరుతుంది. వాటిని నడిపే క్యూఈఎంయూలో క్యాష్ మోడ్‌ను ‘అన్‌సేఫ్’ అని పెడితే, లోపలి యంత్రం పంపే ఫ్లష్ ఆదేశాలు అన్నీ బుట్టదాఖలే. ఇన్‌స్టలేషన్ త్వరగా అవ్వడానికి పెట్టి, తర్వాత మార్చడం మర్చిపోతే ఆ లోపలి డేటాబేస్‌కు ఆ సంగతి తెలిసే దారే లేదు. వర్చువల్‌బాక్స్ కూడా వేగం కోసం ఈ ఫ్లష్‌లను మామూలుగా పట్టించుకోదని దాని మాన్యువలే చెబుతుంది. ఫైల్‌సిస్టమ్‌లో ‘నోబ్యారియర్’ అనే మౌంట్ ఆప్షన్ ఇంకొకటి. ఒకప్పుడు వేగం పెంచే చిట్కాల పేరుతో అందరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుని పెట్టేవారు. దాని అర్థం ఫ్లష్ ఆదేశం పంపవద్దు అని.

అనేక డిస్కులను కలిపి నడిపే రెయిడ్ కార్డులది వేరే కథ. వాటి మీద కొన్ని వందల ఎంబీల నుంచి కొన్ని జీబీల దాకా ర్యామ్, దానికి ఒక బ్యాటరీ ఉంటాయి. ఆ ర్యామ్‌లో పడితే పడినట్టే అని చెప్పడం అబద్ధం కాదు, ఎందుకంటే కరెంటు వచ్చేదాకా బ్యాటరీ దాన్ని కాపాడుతుంది. ఇక్కడ 2,000 కమిట్‌లు రావడం న్యాయమే. కానీ బ్యాటరీ ముసలిదవుతుంది. బాగున్న కార్డు బ్యాటరీ బలహీనపడగానే తనంతట తానే క్యాష్ మానేసి నేరుగా డిస్క్‌కు రాయడం మొదలుపెడుతుంది. ఒక మధ్యాహ్నం ఏ కారణమూ లేకుండా కమిట్‌లు పదింతలు నెమ్మదించాయంటే చాలాసార్లు సంగతి ఇదే. ఆ హడావుడిలో, బ్యాటరీ ఉన్నా లేకున్నా క్యాష్ వాడు అనే ఆప్షన్‌ను ఆన్ చేసేవాళ్లు ఉన్నారు. ఫిర్యాదులు ఆగిపోతాయి. కొత్త బ్యాటరీ కొనాలన్న సంగతి మరుగున పడుతుంది. సర్వర్ల విషయంలో తీసుకునే చెడ్డ నిర్ణయాల్లో ఇంత నిశ్శబ్దంగా ఇంత పెద్ద నష్టం తెచ్చేవి తక్కువ. కార్డు తన బ్యాటరీ కింద పెట్టుకున్నా, దాని వెనకున్న డిస్కుల సొంత ర్యామ్‌లు ఆన్‌లో ఉంటే అంతా వృథా అని కూడా గుర్తుండాలి.

ఫ్లాష్ చిప్‌లతో చేసే ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు కాబట్టి 8.33 మిల్లీసెకన్ల లెక్క పనిచేయదు. కానీ వాటి లోపలా ర్యామ్ ఉంది, పైగా ఏ బ్లాకు ఏ చిప్‌లో ఉందో చెప్పే పటం కూడా అక్కడ ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఆ పటం చెడితే ఇప్పుడు రాస్తున్న డేటాయే కాదు, ఎప్పుడో రాసి మర్చిపోయినది కూడా పోతుంది. 2013లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ, హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు 15 ఎస్‌ఎస్‌డీలకు పదేపదే కరెంటు తీసి పరీక్షించారు. 13 ఏదో ఒక రకంగా తప్పాయి. ఒకటి అసలు పనిచేయడమే మానేసింది. సర్వర్ల కోసం చేసే ఎస్‌ఎస్‌డీల్లో కెపాసిటర్లు పెట్టేది దీనికోసమే. కరెంటు పోయాక ర్యామ్‌లో ఉన్నదాన్ని చిప్‌లలోకి దించేంత శక్తి వాటిలో నిల్వ ఉంటుంది. అలాంటి డిస్క్ ఫ్లష్‌కు వెంటనే సరే అన్నా అది నిజమే. ధర ఎక్కువెందుకని అడిగేవాళ్లకు జవాబు చాలావరకు ఆ కెపాసిటర్లలోనే ఉంది.

2018లో బయటపడిన సంగతి

ఇంతవరకూ చెప్పుకున్నది ఫ్లష్ అయిందని అబద్ధం చెప్పడం గురించి. ఫ్లష్ కాలేదని నిజం చెబితే ఏం చేయాలి? దీనికి సరైన జవాబు 2018 దాకా చాలా డేటాబేస్‌ల దగ్గర లేదు.

ఆ ఏడాది మార్చిలో పోస్ట్‌గ్రెస్ డెవలపర్ క్రెయిగ్ రింగర్ ఒక విషయం బయటపెట్టాడు. స్టోరేజీలో ఎర్రర్ వచ్చి ఎఫ్‌సింక్ విఫలమైంది. చెక్‌పాయింట్ ఆగింది. పోస్ట్‌గ్రెస్ మళ్లీ ప్రయత్నించింది, ఈసారి ఎఫ్‌సింక్ సరే అంది. చెక్‌పాయింట్ పూర్తయింది, పాత లాగ్ తిరగరాతకు వెళ్లింది. కానీ మొదటిసారి రాయలేకపోయిన పేజీలు డిస్క్ మీదికి ఎప్పుడూ వెళ్లనే లేదు. లినక్స్ కెర్నల్ ఆ పేజీలను రాయబోయి విఫలమయ్యాక, ఇవి ఇక రాయక్కర్లేదు అని గుర్తు పెట్టేసింది. ఎర్రర్‌ను ఒకసారి చెప్పింది, తన బాధ్యత తీరిందనుకుంది. రెండోసారి ఎఫ్‌సింక్ అడిగినప్పుడు రాయాల్సిన పేజీలేవీ లేవు కాబట్టి సరే అంది.

పోస్ట్‌గ్రెస్ వాళ్లు ఏళ్ల తరబడి అనుకున్నది వేరు. ఎఫ్‌సింక్ విఫలమైతే పేజీలు ఇంకా క్యాష్‌లోనే ఉంటాయి, మళ్లీ అడిగితే మళ్లీ రాస్తుంది అని. కెర్నల్ వాళ్ల వైపు నుంచి చూస్తే వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. రాస్తుండగా ఎవరో పెన్‌డ్రైవ్ పీకేశారనుకుందాం. ఆ పేజీలు ఇక ఎప్పటికీ రాయలేనివి. వాటిని పట్టుకుని కూర్చుంటే యంత్రం మెమరీ అంతా నిండిపోతుంది. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం ఆ పేజీలను రాయాల్సినవిగానే ఉంచే దారి ఎంచుకుంది. పాత లినక్స్ కెర్నళ్లలో ఇంకో లోపం, ఆ ఒక్క ఎర్రర్‌ను వేరే ఏ ప్రాసెస్సో ముందు అడిగి తీసుకుంటే అసలు తెలియాల్సిన పోస్ట్‌గ్రెస్‌కు తెలియకుండానే పోవచ్చు. 4.13 కెర్నల్‌తో ఎర్రర్ల లెక్క రాసే పద్ధతి మారి, ఫైలు తెరిచి ఉన్న ప్రతివాళ్లకూ ఒకసారి చెప్పడం మొదలైంది.

పోస్ట్‌గ్రెస్ 2019 ఫిబ్రవరిలో, 11.2తో పాటు అప్పటికి మద్దతున్న పాత వెర్షన్లన్నిటిలోనూ తన తీరు మార్చుకుంది. ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైతే చాలు, మళ్లీ అడగదు. సర్వర్‌ను అక్కడికక్కడే ప్యానిక్ చేసి ఆపేస్తుంది. తిరిగి లేచాక చివరి చెక్‌పాయింట్ నుంచి లాగ్‌ను మళ్లీ చదివి పేజీలను మళ్లీ కడుతుంది. మైఎస్‌క్యూఎల్, అలాగే మాంగోడీబీ అనే డేటాబేస్ అడుగున ఉండే వైర్డ్‌టైగర్ కూడా అదే బాట పట్టాయి. పైకి చూస్తే మొరటు పద్ధతి. నడుస్తున్న సర్వర్‌ను చేజేతులా చంపుకోవడం ఏమిటి అనిపిస్తుంది. కానీ అప్పటికి డేటాబేస్‌కు తెలిసిన నిజం ఒక్కటే, మెమరీలో ఉన్నదీ డిస్క్‌లో ఉన్నదీ ఒకటి కాదు, ఏది ఎంత వేరో చెప్పేవాళ్లు లేరు. నమ్మదగ్గది లాగ్ ఒక్కటే. ఈ మార్పు ఒప్పుకోవడానికి డెవలపర్లకు ధైర్యం కావాల్సి వచ్చింది, అది చేసి మంచి పని చేశారు.

ఎంత పోయినా ఫర్వాలేదో తేల్చుకోవడం

ప్రతి రాతకూ ఈ కట్టుదిట్టం అక్కర్లేదు. ఒక పేజీని ఎంతమంది చూశారన్న లెక్క అర సెకను మేర పోతే ఎవరికీ నష్టం లేదు. డబ్బు జమ అయిందన్న మెసేజ్ వెళ్లాక ఆ జమ పోతే మాత్రం అది నేరం లాంటిది. పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ కమిట్‌ను ఒక్కో ట్రాన్సాక్షన్‌కు విడిగా మార్చుకోవచ్చు, ఒకే డేటాబేస్‌లో రెండు రకాలూ నడపవచ్చు. ఫోన్ యాప్‌లలో ఎక్కువగా ఉండే ఎస్‌క్యూలైట్‌లో వాల్ మోడ్, దానితో ‘నార్మల్’ సింక్ పెట్టుకుంటే ప్రతి కమిట్‌కూ ఫ్లష్ ఉండదు. ఫోన్ ఆగిపోతే చివరి మార్పులు పోవచ్చు కానీ ఫైలు చెడదు. రెడిస్ అనే డేటాబేస్‌లో లాగ్ ఆన్ చేస్తే మామూలుగా సెకనుకోసారి ఫ్లష్. సందేశాలను నిల్వ చేసి అందించే కాఫ్కా అయితే ఫ్లష్ సంగతి కెర్నల్‌కే వదిలేసి, ఒకే సందేశం రెండు మూడు యంత్రాల్లో ఉండడం మీద నమ్మకం పెట్టుకుంటుంది. ఆ నమ్మకం నిలవాలంటే ఆ యంత్రాలన్నీ ఒకే ర్యాక్‌లో, ఒకే యూపీఎస్ కింద ఉండకూడదు.

తప్పు ఎక్కడంటే, తెలిసి ఎంచుకోవడానికి బదులు తెలియకుండా జరిగిపోవడంలో. డిస్క్ క్యాష్ ఆన్‌లో ఉందో లేదో లినక్స్‌లో ఆ డిస్క్ తాలూకు ‘రైట్ క్యాష్’ అనే చిన్న ఫైలు చదివితే తెలుస్తుంది. ‘రైట్ బ్యాక్’ అని ఉంటే కెర్నల్ ఫ్లష్ ఆదేశాలు పంపుతున్నట్టు, ‘రైట్ త్రూ’ అని ఉంటే అక్కర్లేదనుకుని పంపనట్టు. పంపిన ఆదేశాన్ని డిస్క్ పాటిస్తోందా అన్నది మాత్రం ఏ ఫైలులోనూ ఉండదు. దానికి ప్లగ్ పీకాల్సిందే.

ఆ పరీక్షకు రెండు యంత్రాలు కావాలి. మొదటిదానిలో డేటాబేస్ 1, 2, 3 అంటూ వరస సంఖ్యలను ఒక్కొక్కటిగా కమిట్ చేస్తుంది. ప్రతి కమిట్‌కూ జవాబు రాగానే ఆ సంఖ్యను నెట్‌వర్క్ మీద రెండోదానికి పంపుతుంది. రెండోది దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. కొన్ని నిమిషాలు నడిచాక మొదటి యంత్రం కరెంటు వైరు గోడ దగ్గర పీకేయాలి. షట్‌డౌన్ కాదు, రీసెట్ కాదు. బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ రాసిన ‘డిస్క్‌చెకర్’ అనే చిన్న స్క్రిప్ట్ ఇదే పనిని డేటాబేస్ లేకుండా నేరుగా ఫైలు మీద చేస్తుంది. యంత్రం మళ్లీ లేచాక రెండు చోట్లా చివరి సంఖ్యలు చూడాలి. పక్క యంత్రం దగ్గర 48,217 ఉండి, డేటాబేస్‌లో 48,217 లేదా 48,218 ఉంటే అంతా సవ్యం. జవాబు దారిలో ఉండగా కరెంటు పోతే ఒకటి ఎక్కువ ఉండవచ్చు. 48,190 ఉంటే, కమిట్ అయిందని చెప్పినవాటిలో 27 పోయినట్టు. ఒక్కసారి సరిపోయిందని వదిలేయకూడదు, పదిసార్లైనా పీకాలి.

తేడా వస్తే అది హార్డ్ డిస్క్ అయితే ‘హెచ్‌డీపార్మ్’ కమాండ్‌తో దాని రైట్ క్యాష్‌ను ఆపేసి మళ్లీ పరీక్ష పెట్టాలి. అబద్ధం ఆ డిస్క్‌దే అయితే ఈసారి సంఖ్యలు కలుస్తాయి. సెకనుకు వేలల్లో ఉన్న కమిట్‌లు 120 దగ్గరికి దిగిపోతాయి. ఆ సర్వర్ అసలు వేగం మొదటి నుంచీ అదే.